తెలుగు దినపత్రికలు, వాటి వెనకున్న సంస్థలు

ఒకే పేరుతో, వరుస సంచిక సంఖ్యతో, గడువు తప్పకుండా వెలువడుతూ, అప్పటి సంగతులను డబ్బిచ్చిన ప్రతివారికీ అందించే అచ్చు ప్రచురణ వార్తాపత్రిక. గడువు, తాజాదనం, అన్ని రకాల విషయాలు, అందరికీ అమ్మకం అనే నాలుగు లక్షణాలూ కలిస్తేనే అది పత్రిక అవుతుంది. మొఘలు దర్బారుకు వాకియా నవీసులనే వార్తా లేఖకులు రాసి పంపిన అఖ్బారాత్‌లలో వార్తలు ఉండేవి, అవి క్రమం తప్పకుండా వచ్చేవి. చదివే హక్కు మాత్రం కొద్దిమందిదే కనుక వాటిని పత్రికలు అనలేం. 1605లో స్ట్రాస్‌బర్గ్ నగరంలో యోహాన్ కరోలస్ అనే వ్యాపారి అంతవరకు ధనికులకు చేతిరాతలో అమ్ముతున్న వార్తాలేఖలను అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఎక్కువమంది చరిత్రకారులు దాన్నే ప్రపంచంలో తొలి వార్తాపత్రికగా లెక్కిస్తారు.

తయారీ ఖర్చు కన్నా తక్కువ ధరకు అమ్ముడుపోయే సరుకులు లోకంలో తక్కువ. దినపత్రిక వాటిలో ఒకటి. కాగితం, సిరా, జీతాలు, రవాణా, ఏజెంటు కమీషను కలిపితే అయ్యే మొత్తం పాఠకుడు ఇచ్చే రూపాయలతో పూడదు. ఆ లోటును ఎవరో ఒకరు భరించాలి. తెలుగునాట ఆ భారం ఒకప్పుడు మతప్రచార సంఘాల మీద, ఒకప్పుడు సంస్కర్తల సొంత డబ్బు మీద పడింది. తర్వాత పారిశ్రామికవేత్తలు, రాజకీయ పార్టీలు, ప్రకటనదారులు దాన్ని మోశారు. తెలుగు పత్రికల చరిత్రను సంపాదకుల పేర్లతో చెప్పడం ఆనవాయితీ. అయితే ఆ లోటును ఏ కాలంలో ఎవరు పూడ్చారో చూస్తే పత్రికల స్వభావం మరింత స్పష్టంగా తెలుస్తుంది.

తొలి రోజులు

భారతదేశంలో తొలి వార్తాపత్రిక 1780 జనవరి 29న కలకత్తాలో జేమ్స్ అగస్టస్ హికీ ప్రారంభించిన బెంగాల్ గెజెట్. వారన్ హేస్టింగ్స్‌ను, ఈస్టిండియా కంపెనీ పెద్దలను ఘాటుగా విమర్శించిన ఆ పత్రిక రెండేళ్లు తిరిగేసరికి మూతపడింది. దక్షిణాదిన 1785లో మద్రాస్ కొరియర్ వచ్చింది. ఇవి కంపెనీ ఉద్యోగులూ ఇంగ్లీషు వర్తకులూ చదివే పత్రికలు.

తెలుగులో తొలి పత్రిక ఏదన్న విషయంలో పరిశోధకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. 1835లో బళ్లారి నుంచి క్రైస్తవ మిషనరీలు వెలువరించిన సత్యదూతను సాధారణంగా మొదటిదిగా చెబుతారు. 1838లో వృత్తాంతిని, 1842లో వర్తమాన తరంగిణి మద్రాసులో పుట్టాయి. తరంగిణి సంపాదకుడు సయ్యద్ రహమతుల్లా. తెలుగు పత్రికా రచనకు పునాది వేసినవారిలో ఒక ముస్లిం ఉన్నాడన్న సంగతి పాఠ్యపుస్తకాల్లో అంతగా కనిపించదు. ఇవేవీ దినపత్రికలు కావు. కొన్ని వందల మంది చందాదారులే వాటి బలం, బలహీనత కూడా.

1874లో కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో స్థాపించిన వివేకవర్ధని వీటికి భిన్నమైన దారి పట్టింది. స్థానిక అధికారుల లంచగొండితనాన్ని, వకీళ్ల అక్రమాలను అది బయటపెట్టింది. పత్రిక అంటే పండితుల చర్చావేదిక అన్న భావన అక్కడినుంచి సడలింది. మొదట ఆ పత్రిక మద్రాసులో అచ్చయ్యేది. ఆ ఆలస్యంతో వేగలేక వీరేశలింగం సొంత ఊళ్లోనే ముద్రణాలయం ఏర్పాటు చేసుకున్నాడు. అచ్చుయంత్రం ఎవరి చేతిలో ఉంటే పత్రిక వారి మాట వింటుందన్న సంగతి ఆనాడే తేలింది.

జాతీయోద్యమంతో పత్రికల సంఖ్య, తెగువ రెండూ పెరిగాయి. 1902లో మచిలీపట్నంలో మొదలైన కృష్ణాపత్రికకు 1907 నుంచి 1945 దాకా ముట్నూరి కృష్ణారావు సంపాదకుడు. వారపత్రికే అయినా దాని సంపాదకీయాలు ఆంధ్రదేశమంతటా చర్చకు వచ్చేవి. 1908లో విజయవాడ నుంచి స్వరాజ్య నడిపిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్లాడు. తిరునెల్వేలి కాల్పులను ఖండిస్తూ పత్రికలో వచ్చిన వ్యాసం అందుకు కారణం.

ఆంధ్రపత్రిక

కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో 1893 నుంచి అమృతాంజనం తయారుచేసి అమ్ముతున్న వ్యాపారి. బొంబాయిలోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించాడు. 1914 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి దాన్ని దినపత్రికగా తెచ్చాడు. నాలుగు నెలలు తిరక్కుండానే మొదటి ప్రపంచయుద్ధం మొదలైంది. ఏ రోజు వార్త ఆ రోజే కావాలన్న ఆత్రుత తెలుగు పాఠకుల్లో పుట్టడానికి ఆ యుద్ధం చాలావరకు కారణం. కొత్త దినపత్రికకు అంతకన్నా అనువైన సమయం దొరికేది కాదు.

చందాలతో గానీ, అప్పటి కొద్దిపాటి ప్రకటనలతో గానీ ఆ దినపత్రిక నడిచే స్థితి లేదు. దాన్ని నిలబెట్టింది అమృతాంజనం లాభాలే. ఆ లాభాలతోనే ఉగాది సంచికలు, 1924లో భారతి మాసపత్రిక, ఆంధ్ర గ్రంథమాల ప్రచురణలు సాగాయి. నాగేశ్వరరావు జాతీయవాది, దాత. అందువల్ల ఆ డబ్బు పత్రిక నోరు కట్టెయ్యలేదు. యజమానిని బట్టి పత్రిక ఉంటుందన్న మాటకు ఇది మంచివైపు ఉదాహరణ. 1938లో ఆయన మరణించాక ఆయన అల్లుడు శివలెంక శంభుప్రసాద్ బాధ్యత తీసుకున్నాడు. బాపు బొమ్మలు, ముళ్లపూడి వెంకటరమణ రచనలు తొలి రోజుల్లో వెలుగు చూసింది ఈ సంస్థ పత్రికల్లోనే. కాలం మారింది, రంగు అచ్చు వచ్చింది, జిల్లా ఎడిషన్లు వచ్చాయి. ఆ పోటీలో ఆంధ్రపత్రిక నిలవలేక 1991లో ఆగిపోయింది.

నిజాం రాష్ట్రంలో

హైదరాబాదు రాజ్యంలో పరిస్థితి వేరు. పాలనభాష, చదువుల భాష ఉర్దూ. పత్రిక పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక, వరంగల్ ప్రాంతంలోని ఇనుగుర్తి నుంచి ఒద్దిరాజు సోదరుల తెలుగు పత్రిక వచ్చాయి. పెద్ద పట్టణం కాని ఇనుగుర్తిలో అచ్చుయంత్రం పెట్టుకుని అన్నదమ్ములిద్దరు పత్రిక నడపడం సాహసమే.

1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక మొదలైంది. వారానికి రెండుసార్లు వచ్చే ఈ పత్రిక రెండు దశాబ్దాల తర్వాత దినపత్రిక అయింది. తెలంగాణలో కవులే లేరన్న ఒక వ్యాఖ్యకు జవాబుగా 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక వెలువడింది. పత్రికాఫీసు ఒక ప్రాంతపు సాహిత్య చరిత్రకు ఆధారగ్రంథం సిద్ధం చేయడం అరుదైన సంగతి. 1940లలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు భాషల్లో మీజాన్ వచ్చింది. తెలుగు మీజాన్‌కు అడవి బాపిరాజు సంపాదకుడు. హైదరాబాదు భారత యూనియన్‌లో కలవాలని రాసిన ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హత్య చేశారు.

మద్రాసు నుంచి విజయవాడకు

ఇండియన్ ఎక్స్‌ప్రెస్ అధిపతి రామ్‌నాథ్ గోయెంకా 1938 ఆగస్టు 15న మద్రాసులో ఆంధ్రప్రభ ప్రారంభించాడు. ఒక పెద్ద ఇంగ్లీషు పత్రికా సంస్థ తన అచ్చుయంత్రాలను, వార్తా ఏర్పాట్లను, ప్రకటనల విభాగాన్ని తెలుగు పత్రికకు కూడా వాడుకోవడం కొత్త నమూనా. నార్ల వెంకటేశ్వరరావు 1942 నుంచి 1959 దాకా దాని సంపాదకుడు. పత్రికల్లో గ్రాంథికం వెనక్కి పోయి శిష్ట వ్యావహారికం స్థిరపడటంలో ఆయన పాత్ర పెద్దది. అంతకు ముందే జనవాణి పత్రికలో తాపీ ధర్మారావు ఆ పని మొదలుపెట్టాడు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక తెలుగు పత్రికలు మద్రాసులో ఉండటానికి కారణాలు తగ్గిపోయాయి. విజయవాడ పెద్ద రైల్వే జంక్షన్. అక్కడ అచ్చయిన కట్టలు తెల్లారేసరికి నాలుగు దిక్కులా రైలెక్కగలవు. కమ్యూనిస్టు పార్టీ విశాలాంధ్ర 1952లోనే అక్కడ మొదలైంది. 1959లో ఆంధ్రప్రభ అక్కడికి మారింది. నార్ల సంపాదకుడుగా 1960 జులై 1న ఆంధ్రజ్యోతి పుట్టింది. ఆ తర్వాత చాలాకాలం విజయవాడే తెలుగు పత్రికారంగానికి కేంద్రం.

ఈనాడు, జిల్లా ఎడిషన్లు

1970లలో కూడా విజయవాడలో అచ్చయిన పత్రిక విశాఖపట్నం పాఠకుడి చేతికి పొద్దెక్కాక అందేది. 1974 ఆగస్టు 10న చెరుకూరి రామోజీరావు ఈనాడును విశాఖపట్నంలో ప్రారంభించడానికి ఈ లోటే అవకాశం. మార్గదర్శి చిట్‌ఫండ్, అన్నదాత వ్యవసాయ మాసపత్రిక అప్పటికే ఆయనవి. తెల్లవారకముందే ఇంటి గడపలో పేపరు పడాలన్నది కొత్త సంస్థ పట్టిన పట్టు. 1975లో హైదరాబాదు, 1978లో విజయవాడ, 1982లో తిరుపతి ఎడిషన్లు వచ్చాయి. అచ్చయిన చోటి నుంచి పత్రికను దూరాలకు మోసుకెళ్లే పద్ధతి పోయి, పాఠకుడికి దగ్గర్లోనే అచ్చువేసే పద్ధతి వచ్చింది.

అసలు మలుపు 1989లో జిల్లా ఎడిషన్లతో వచ్చింది. ప్రధాన సంచికతో పాటు ప్రతి జిల్లాకూ విడిగా చిన్న సైజు అనుబంధం జతచేశారు. దీని వెనక రెండు లెక్కలు ఉన్నాయి. ఊళ్లో బోరుబావి పాడైన సంగతి రాష్ట్రమంతటికీ వార్త కాదు గానీ ఆ మండలానికి మొదటి పేజీ వార్త. రెండోది డబ్బు లెక్క. నరసరావుపేట బట్టల దుకాణదారు రాష్ట్రమంతటా వచ్చే ప్రకటనకు డబ్బు పెట్టలేడు. పెట్టినా శ్రీకాకుళం పాఠకుడు అతని దుకాణానికి రాడు. జిల్లా పేజీలో ప్రకటన అతని స్తోమతకు అందుతుంది, ఉపయోగపడుతుంది కూడా. అంతవరకు పత్రికకు ఒక్క పైసా ఇవ్వని చిన్న వ్యాపారి, ప్రైవేటు కాలేజీ, స్థానిక నాయకుడు ప్రకటనదారులయ్యారు. మిగతా పత్రికలన్నీ ఇదే దారి పట్టాయి.

జిల్లా ఎడిషన్ బలం 1990ల మొదట్లో సారా వ్యతిరేక ఉద్యమంలో తెలిసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళల చొరవతో రాజుకున్న ఆ ఉద్యమానికి ఈనాడు రోజూ పేజీలు కేటాయించి ఊరూరి వార్తలనూ అచ్చువేసింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా అమ్మకాలను నిషేధించారు. విమర్శ కూడా ఉంది. జిల్లా పేజీలు పాఠకుడి చూపును తన జిల్లా గీతకే పరిమితం చేశాయి. ఆదిలాబాద్ గిరిజన గూడేల్లోని విషజ్వరాలు అనంతపురం పాఠకుడికి తెలియకుండా పోయే పరిస్థితి ఏర్పడింది. ఈ విమర్శ న్యాయమైనదే.

తర్వాత వచ్చినవి

సినీ దర్శకుడు దాసరి నారాయణరావు 1984 చివర్లో ప్రారంభించిన ఉదయం పరిశోధనాత్మక కథనాలతో పేరు తెచ్చుకుని, 1995లో ఆగిపోయింది. ఏబీకే ప్రసాద్ దాని తొలి సంపాదకుడు. ఈనాడుకు తొలి రోజుల్లో, 1995లో వచ్చిన వార్తకు ప్రారంభంలో కూడా ఆయనే సంపాదకత్వం వహించాడు. ఆంధ్రజ్యోతి 2000లో మూతపడి, 2002 అక్టోబరులో వేమూరి రాధాకృష్ణ యాజమాన్యంలో మళ్లీ మొదలైంది. యాజమాన్యం మారినా పాత పేరుతో, పాత పాఠకులతో పత్రిక తిరిగి లేవడం అరుదు. 2008 మార్చి 24న జగతి పబ్లికేషన్స్ సాక్షిని ఒకేసారి 23 ఎడిషన్లతో తెచ్చింది. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న 2011 జూన్‌లో నమస్తే తెలంగాణ వచ్చింది. రాష్ట్రం ఏర్పడ్డాక నవ తెలంగాణ, మన తెలంగాణ వంటివి చేరాయి.

యాజమాన్య రూపాలు

చట్టం దృష్టిలో పత్రికకు యజమాని, ప్రచురణకర్త, ముద్రాపకుడు, సంపాదకుడు వేర్వేరు హోదాలు. అన్నీ ఒకే మనిషివి కావచ్చు. చిన్న వారపత్రికల్లో అలాగే ఉంటుంది. నెల్లూరు జమీన్‌రైతు వంటి పత్రికలు దశాబ్దాలుగా ఒక కుటుంబం చేతిలో నడిచాయి.

పెద్ద దినపత్రికలు దాదాపు అన్నీ కంపెనీల రూపంలో ఉన్నాయి. ఈనాడుకు ఉషోదయ, ఆంధ్రజ్యోతికి ఆమోద, సాక్షికి జగతి. రూపం కంపెనీ అయినా పట్టు ఒక కుటుంబానిదో, ఒక వర్గానిదో అవుతుంది. చండీగఢ్ ట్రిబ్యూన్ లాగా ట్రస్టు చేతిలో ఉన్న పెద్ద దినపత్రిక తెలుగులో స్థిరపడలేదు.

పార్టీ పత్రికలు మరో తరగతి. విశాలాంధ్ర సీపీఐది. ప్రజాశక్తి సీపీఎంది, 1981 నుంచి దినపత్రిక. వీటికి పెట్టుబడి విరాళాలతో, కార్యకర్తల శ్రమతో సమకూరింది. ఇవి తమ రంగును దాచుకోలేదు. పార్టీ పేరు పెట్టుకోకుండా పార్టీ పక్షం వహించే పత్రికల సంగతి అంత సూటిగా ఉండదు. 1983 ఎన్నికల్లో తెలుగుదేశానికి ఈనాడు ఇచ్చిన మద్దతు, వైఎస్ జగన్ కుటుంబం సాక్షిని స్థాపించడం, నమస్తే తెలంగాణకు టీఆర్‌ఎస్‌తో ఉన్న అనుబంధం బహిరంగ విషయాలే. తెలుగు పాఠకులు ఒక సంఘటనను తెలుసుకోవడానికి రెండు పత్రికలు పక్కపక్కన పెట్టుకు చదవడం అలవాటు చేసుకున్నారు. ఇది పాఠకుడి తెలివికి గౌరవం, పత్రికలకు కాదు.

ఒక సంచిక తయారయ్యే తీరు

పత్రికాఫీసులో ప్రధానంగా సంపాదక, ప్రకటనల, సర్క్యులేషన్, ముద్రణ విభాగాలు ఉంటాయి. సంపాదక విభాగంలో వార్త తెచ్చేవారు ఒక వైపు, దాన్ని దిద్ది పేజీలో పెట్టేవారు మరో వైపు. రెండో వైపును డెస్క్ అంటారు.

వార్త కింది నుంచి వస్తుంది. మండల స్థాయిలో కంట్రిబ్యూటర్, నియోజకవర్గ, జిల్లా కేంద్రాల్లో స్టాఫ్ రిపోర్టర్లు, రాజధానిలో బ్యూరో. తెలుగు పత్రికా వ్యవస్థకు వెన్నెముక కంట్రిబ్యూటరే. అయినా అతను చాలా సంస్థల్లో ఉద్యోగి కాడు. అచ్చయిన వార్త పొడవును బట్టి లెక్కగట్టే లైన్ అకౌంట్ అతని రాబడి. అది పెట్రోలుకు చాలదు. దానికి తోడు చందాలు కట్టించాలి, పండగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తేవాలి. ప్రకటన కమీషను మీద బతికే మనిషి ఆ ప్రకటన ఇచ్చినవారి మీదే వార్త రాయాల్సిరావడం ఈ ఏర్పాటులోని అతి పెద్ద లోపం. పత్రికల విశ్వసనీయత గురించి జరిగే చర్చలు తరచు సంపాదకుల దగ్గరే ఆగిపోతాయి గానీ, సమస్య మొదలయ్యేది ఇక్కడ.

ఇతర రాష్ట్రాల, విదేశాల వార్తలు ఏజెన్సీల నుంచి వస్తాయి. స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే నమోదైన పీటీఐ, 1961లో పని మొదలుపెట్టిన యూఎన్ఐ వీటిలో ముఖ్యమైనవి. హిందీకి, ఉర్దూకి ఏజెన్సీలు విడిగా సర్వీసులు పెట్టాయి. తెలుగు డెస్కులు టెలిప్రింటర్ మీద వచ్చిన ఇంగ్లీషు కాపీనే నమ్ముకున్నాయి. ఫలితంగా తెలుగు సబ్ ఎడిటర్ చాలాకాలం ప్రధానంగా అనువాదకుడు. అర్ధరాత్రి గడువు తరుముతుంటే చేసిన ఆ అనువాదాలు కర్మణి వాక్యాలను, తోకలు పొడుగైన విశేషణాలను తెలుగులోకి గుప్పించాయి. వాటిని వదిలించడానికి ఈనాడు జర్నలిజం స్కూలులో బూదరాజు రాధాకృష్ణ తరాల తరబడి విద్యార్థులకు వాక్యం రాయడం నేర్పాడు.

సాయంత్రానికి ఏ వార్త ఏ పేజీకో తేలుతుంది. మొదటి పేజీ వార్తలను న్యూస్ ఎడిటర్ నిర్ణయిస్తాడు. దూర ప్రాంతాలకు వెళ్లే ఎడిషన్‌ను ముందుగా, నగరం ఎడిషన్‌ను చివరగా వదులుతారు. అందువల్ల రాత్రి పదకొండింటికి జరిగిన సంఘటన నగరం పేపర్లో ఉండి, పల్లె పేపర్లో లేకపోవచ్చు.

చేతి కంపోజింగ్ కాలంలో తెలుగు పేజీ కట్టడం ఇంగ్లీషు కన్నా ఎన్నో రెట్లు కష్టం. గుణింతాలకు, వత్తులకు, సంయుక్తాక్షరాలకు విడివిడి దిమ్మలతో టైపు కేసులో వందల గళ్లు ఉండేవి. పల్లె విలేకరి వార్తను కవర్లో పెట్టి ఆర్టీసీ బస్సు డ్రైవరుకు ఇచ్చేవాడు. కంప్యూటరు కూర్పు, ఫ్యాక్సు, ఆ తర్వాత మెయిలు వచ్చి ఈ రెండు అవస్థలనూ తీర్చాయి. ఇప్పుడు పేజీ కంప్యూటరు నుంచి నేరుగా అల్యూమినియం ప్లేటు మీదికి ఎక్కుతుంది. రంగు పేజీకి నాలుగు ప్లేట్లు కావాలి. చుట్ట కాగితం మీద రెండు వైపులా అచ్చువేసి, కత్తిరించి, మడతపెట్టే వెబ్ ఆఫ్‌సెట్ యంత్రం గంటకు వేల సంఖ్యలో ప్రతులను వదులుతుంది.

తెల్లవారుజామున వ్యాన్లు బస్టాండు దగ్గర కట్టలు దింపుతాయి. ఏజెంట్లు అక్కడే అరుగుల మీద కూర్చుని ప్రధాన సంచికలో జిల్లా పేజీలను, కరపత్రాలను చొప్పించి పేపరు కుర్రాళ్లకు పంచుతారు. ఏజెంటు సంస్థకు డిపాజిట్ కట్టి కమీషను మీద పనిచేసే స్వతంత్ర వ్యాపారి. వానొచ్చినా, బందు జరిగినా పేపరు ఆగకుండా చూసేది అతనే.

డబ్బు లెక్క

ప్రకటనల స్థలాన్ని చదరపు సెంటీమీటర్ల లెక్కన అమ్ముతారు. ధర పేజీని బట్టి, ఎడిషన్‌ను బట్టి, సర్క్యులేషన్‌ను బట్టి మారుతుంది. సర్క్యులేషన్ ఎంతో పత్రిక చెప్పుకుంటే చాలదు కనుక 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఆర్నెల్లకోసారి లెక్కలు తనిఖీ చేస్తుంది. వాణిజ్య ప్రకటనలు, వరుడు వధువు కావలెను వంటి క్లాసిఫైడ్లు, శ్రద్ధాంజలులు, టెండరు నోటీసులు రాబడిలో ముఖ్యమైనవి. వీటిలో ప్రభుత్వ ప్రకటన రెండంచుల కత్తి. అధికారంలో ఎవరున్నారన్నదాన్ని బట్టి ఒక పత్రికకు కుండపోతగా, మరొకదానికి చినుకు కూడా లేకుండా ప్రకటనలు పడుతుంటాయని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అన్ని పక్షాలూ ఆరోపించుకున్నాయి.

డబ్బు తీసుకుని ప్రకటనను వార్తగా అచ్చువేయడం 2009 ఎన్నికల్లో దేశమంతటా బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో పాత్రికేయుల సంఘమే దానిమీద గొంతెత్తింది. విచారించడానికి ప్రెస్ కౌన్సిల్ నియమించిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో ఒకరు విశాలాంధ్ర సంపాదకుడిగా పనిచేసిన కె. శ్రీనివాస్‌రెడ్డి. ఉపసంఘం పేర్లతో సహా నివేదిక ఇచ్చినా కౌన్సిల్ మొదట సంక్షిప్త రూపాన్నే విడుదల చేసింది. పూర్తి నివేదిక సమాచార హక్కు మార్గంలో 2011లో వెలుగు చూసింది.

ఖర్చులో పెద్దవాటా కాగితానిది. న్యూస్‌ప్రింట్ చాలావరకు విదేశాల నుంచి వస్తుంది కనుక డాలరు కదిలితే పత్రికాఫీసులో పేజీలు తగ్గుతాయి. 2019 కేంద్ర బడ్జెట్ దానిపై 10 శాతం దిగుమతి సుంకం వేసి, మరుసటి ఏడాది 5 శాతానికి తగ్గించింది.

చట్టం

పత్రికా స్వేచ్ఛ అన్న మాట రాజ్యాంగంలో విడిగా లేదు. 19(1)(ఎ) అధికరణం పౌరులకిచ్చిన భావ ప్రకటన స్వేచ్ఛలోనే అది ఇమిడి ఉందని సుప్రీంకోర్టు తీర్పులు స్థిరపరిచాయి. 1961లో సకాల్ పేపర్స్ కేసు ఇందులో ముఖ్యమైనది. ఇన్ని పేజీలకు ఇంత ధర ఉండాలని ప్రభుత్వం పెట్టిన నియమాన్ని కోర్టు కొట్టేసింది. ధర పెరిగితే పాఠకులు తగ్గుతారు, అది భావ ప్రకటనకే దెబ్బ అన్నది తీర్పు సారాంశం. ధరకూ స్వేచ్ఛకూ ఉన్న సంబంధాన్ని అంత స్పష్టంగా చెప్పిన తీర్పు మరొకటి లేదు. 1972లో బెనెట్ కోల్‌మన్ కేసులో పత్రికలకు పెట్టిన పది పేజీల పరిమితి కూడా పోయింది. 1975 జూన్‌లో ఎమర్జెన్సీతో ముందస్తు సెన్సారు వచ్చినప్పుడు మాత్రం ఈ తీర్పులేవీ అక్కరకు రాలేదు. అప్పుడు వార్తా ఏజెన్సీలన్నిటినీ సమాచార్ పేరుతో ఒకటిగా కలిపేశారు. 1978లో అవి మళ్లీ విడిపోయాయి.

బ్రిటిషు కాలపు 1867 చట్టం స్థానంలో 2023లో చేసిన పత్రికల నమోదు చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులో ఉంది. పేరు నమోదు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. ప్రచురణకర్త, ముద్రాపకుడు, సంపాదకుడు, అచ్చయిన చోటు తెలిపే ఇంప్రింట్ లైన్ ప్రతి సంచికలోనూ ఉండాలి. సాధారణంగా చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. పరువునష్టం కేసు పడితే నోటీసు ఎవరికి వెళ్లాలో చెప్పేది ఆ లైనే. ఫిర్యాదులు వినడానికి ప్రెస్ కౌన్సిల్ ఉంది. అది మందలించగలదు గానీ జరిమానా వేయలేదు. వర్కింగ్ జర్నలిస్టుల 1955 చట్టం, దాని కింద వచ్చిన వేజ్ బోర్డులు జీతాలను నిర్ణయించాయి. మజీఠియా వేజ్ బోర్డును సుప్రీంకోర్టు 2014లో సమర్థించినా, దాని ఫలితం కంట్రిబ్యూటర్లకు చేరలేదు.

ఇటీవలి స్థితి

2020 లాక్‌డౌన్‌లో పేపరు ముట్టుకుంటే కరోనా వస్తుందన్న భయం వ్యాపించింది. ప్రకటనలు ఆగాయి. పత్రికలు పేజీలు తగ్గించాయి, చాలాచోట్ల జిల్లా అనుబంధాలను ప్రధాన సంచికలోనే కలిపేశాయి, సిబ్బందిని తొలగించాయి. పోయిన చందాదారుల్లో కొందరు తిరిగి రాలేదు. ఈలోగా ఈ-పేపరు, వెబ్‌సైటు, మొబైలు యాప్ పెరిగాయి. తొలి రోజుల్లో ఒక్కో తెలుగు పత్రికకు ఒక్కో సొంత ఫాంటు ఉండటంతో ఒకచోటి వార్త మరోచోట చదవడానికి వచ్చేది కాదు. యూనికోడ్ వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. అమెరికా, గల్ఫ్ దేశాల్లోని తెలుగువారు తమ జిల్లా పేజీని ఊళ్లోవాళ్ల కన్నా ముందే చదవగలుగుతున్నారు. అలా చదివేవారి సంఖ్య పెద్దదే గానీ, వారి నుంచి వచ్చే రాబడి అచ్చు ప్రకటనల నష్టాన్ని పూడ్చే స్థాయికి చేరలేదు.

పాత తెలుగు పత్రికల సంచికలు చూడదలచినవారికి వేటపాలెంలోని సారస్వత నికేతనం, రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ముఖ్యమైన చోట్లు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక, గోలకొండ పత్రిక వంటి వాటి సంచికలను స్కాన్ చేయించి అందుబాటులోకి తెచ్చింది.